రాయడం నేర్పే లక్ష్యాలు: కామన్ కోర్ ప్రమాణాలలో రచనా విభాగంపై సమీక్ష

అమెరికా రాష్ట్రాల గవర్నర్ల సంఘం, రాష్ట్రాల పాఠశాల విద్యాధికారుల మండలి కలిసి, ఏ తరగతి విద్యార్థి ఏమి నేర్చుకోవాలో చెబుతూ 2010 జూన్‌లో విడుదల చేసిన కామన్ కోర్ ప్రమాణాలలో రచనకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థి రాతలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో అది చెబుతుంది. ఆ ప్రమాణాల చుట్టూ నడిచిన రాజకీయ వివాదాన్ని పక్కన పెట్టి, రాయడం నేర్పే ఉపాధ్యాయులకు ఈ విభాగం ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఏ భాషలో రచన నేర్పేవారైనా చదవదగిన పత్రమిది. అయితే అత్యంత కీలకమైన ఒక చోట అది చెప్పవలసినది చెప్పకుండా దాటిపోయింది.

విభాగం మొత్తానికి మూల లక్ష్యాలు పది. మొదటి మూడూ వాదన, సమాచార వివరణ, కథనం అనే రచనా రూపాలకు సంబంధించినవి. మిగిలినవి రాత తయారయ్యే క్రమం, పరిశోధన, రాసే అలవాటు గురించి మాట్లాడతాయి.

పత్రం బలమంతా మొదటి లక్ష్యంలో కనిపిస్తుంది. కిండర్‌గార్టెన్ పిల్లలు బొమ్మ గీసి, నోటితో చెప్పి రాయించి, చేతనైనంత తామూ రాసి అభిప్రాయం తెలిపితే చాలు. ఒకటో తరగతిలో ఆ అభిప్రాయానికి ఒక కారణం చేరాలి, చివర ముగించినట్టు అనిపించాలి. ఐదో తరగతి నాటికి కారణాలు తర్కబద్ధమైన వరుసలో ఉండి, వాస్తవాలు వాటికి ఊతంగా నిలవాలి. ఆరులో అభిప్రాయం కాస్తా వాదనగా మారి, నమ్మదగిన ఆధారాలను కోరుతుంది. ఏడులో ఎదుటివారి వాదన ఒకటి ఉందని గుర్తించాలి, ఎనిమిదిలో దానికీ తన వాదనకూ తేడా చూపాలి. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి రెండింటి బలాబలాలనూ నిష్పక్షపాతంగా తూచాలి, చదివేవారికి ఎంత తెలుసో, వారికి ఎక్కడ సందేహం కలుగుతుందో ముందే ఊహించి రాయాలి.

సెలవుల్లోనూ పాఠశాల గ్రంథాలయం తెరిచి ఉంచాలన్న విషయాన్ని ఈ మెట్ల మీద పెట్టి చూడండి. ఒకటో తరగతి బిడ్డ "గ్రంథాలయం తెరవాలి, ఎందుకంటే నాకు కథలు ఇష్టం, అందుకే తెరవండి" అని రాస్తే లక్ష్యం చేరినట్టే. ఏడో తరగతి విద్యార్థి "సెలవుల్లో సిబ్బంది దొరకరని కొందరు అంటారు" అన్న వాక్యానికి చోటివ్వగలగాలి. పదో తరగతి విద్యార్థి ఆ అభ్యంతరంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటూనే, వారానికి రెండు రోజులైనా తెరవడం ఎలా సాధ్యమో చూపాలి. మెట్టు మెట్టుకూ ఎదుటి మనిషి గురించి మరికాస్త లోతుగా ఆలోచించవలసి వస్తుంది. కాగితం చదివితే చాలు, ఈ విద్యార్థి ఎక్కడున్నాడో, రేపు ఏమి నేర్పాలో తెలిసిపోతుంది. "విద్యార్థులు సృజనాత్మకంగా రాయగలుగుతారు" వంటి, కొలవడానికి వీలులేని లక్ష్యాలతో విసిగిపోయినవారికి ఇది పెద్ద ఊరట.

మెట్టు మెట్టుగా విడమరిచి చెప్పే ఈ ఓపిక ఐదో లక్ష్యం దగ్గర కనిపించదు. అది చిత్తుప్రతిని మెరుగుపరచుకోవడానికి సంబంధించినది, నా దృష్టిలో రాయడం నేర్చుకోవడమంటే సగానికి పైగా అదే. మూడు, నాలుగు తరగతులకు ఒకటే మాట: తోటివారి, పెద్దల సహాయంతో ప్రణాళిక, సవరణ, దిద్దుబాటు ద్వారా రాతను బలపరచుకోవాలి. ఐదులో తిరగరాయడం, మరో పద్ధతి ప్రయత్నించడం చేరతాయి. ఆరులో "సహాయంతో" అన్నది "కొంత సహాయంతో" అవుతుంది. ఏడు, ఎనిమిదిలో ప్రయోజనం, పాఠకులు ప్రస్తావనకు వస్తారు. తొమ్మిదిలో సహాయం ఊసే ఉండదు. అంటే తరగతులు మారేకొద్దీ ప్రధానంగా మారుతున్నది పక్కవారు అందించే సాయం మోతాదే. తన చిత్తుప్రతిని ముందు పెట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్ల అందులో ఏమి వెతకాలో పత్రం చెప్పదు. అది చెప్పనప్పుడు తరగతి గదిలో సవరణ అంటే అక్షరదోషాలు దిద్ది, సాపుగా తిరిగి రాయడమే అయిపోతుంది. ఎలా నేర్పాలన్నది ఉపాధ్యాయులకే వదిలేశామని పత్రం ముందే స్పష్టం చేసిన మాట నిజం, అది సబబు కూడా. ఇక్కడ లోపించింది మాత్రం ఏమి నేర్పాలన్నదే. నాలుగో తరగతిలో ఏకబిగిన కనీసం ఒక పేజీ, ఐదులో రెండు, ఆరులో మూడు పేజీలు టైప్ చేయాలని లెక్కకట్టి చెప్పినవారు సవరణ విషయంలోనూ అంత స్పష్టంగా ఉండగలిగేవారు.

ఏ తరగతిలో ఏ రచనా రూపానికి ఎంత చోటివ్వాలన్న పాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అమెరికా అంతటా విద్యార్థుల నేర్పును కొలిచే పరీక్షకు ఆధారమైన జాతీయ మూల్యాంకన చట్రం నుంచి తీసుకున్న ఆ పాళ్ల ప్రకారం నాలుగో తరగతిలో 35 శాతంగా ఉన్న అనుభవ కథనం పన్నెండో తరగతికి 20 శాతానికి తగ్గుతుంది. చూసినదాన్ని చూసినట్టు చెప్పగల నేర్పు వాదనకూ ప్రాణం పోస్తుంది కనుక అంత తగ్గించడం సరికాదు. కవిత్వం విషయం ఉపాధ్యాయుల విచక్షణకే వదిలేశారు.

విద్యార్థుల అసలు రాతలను వ్యాఖ్యలతో సహా ఇచ్చిన మూడో అనుబంధాన్ని మాత్రం ఎవరూ వదలకూడదు. చిన్నపిల్లల అక్షరదోషాలను అలాగే ఉంచి, ఆ తప్పుల నడుమ కూడా ఏ నైపుణ్యం మొలకెత్తిందో అందులో చూపించారు.

ఈ పత్రాన్ని వాడదలచినవారు ఐదో లక్ష్యానికి సొంత మెట్లు కట్టుకోవాలి. మూడో తరగతిలో విషయానికి సంబంధం లేని ఒక వాక్యాన్ని గుర్తించి తీసేయడం, ఐదులో పేరాల వరుస మార్చి చూసి ఏది మెరుగో కారణంతో చెప్పడం, ఏడులో తోటి విద్యార్థి చదువుతూ ఆగిపోయిన చోట ఏమి లోపించిందో కనిపెట్టి పూరించడం, తొమ్మిదిలో తన కారణాల్లో అన్నిటికన్నా బలహీనమైనదాన్ని తానే ఎంచుకుని బలపరచడమో వదులుకోవడమో చేయడం వంటివి పెట్టుకోవచ్చు. ఇవి జరిగాయో లేదో తెలియాలంటే మార్కులు వేసేటప్పుడు సాపు ప్రతితో పాటు చిత్తుప్రతినీ తీసుకోవాలి.