రాళ్లు ఇద్దరికి, ఆపరేషన్ ఒక్కరికే: పిత్తాశయం తీయించడం మేలా, వదిలేయడం మేలా?

మా ఇంట్లో పిత్తాశయంలో (గాల్ బ్లాడర్‌లో) రాళ్లు ఉన్నట్టు తేలినవాళ్లం ఇద్దరం. నావి నాలుగేసి మిల్లీమీటర్ల చిన్న రాళ్లు, గుంపుగా. మా ఆవిడది ఒక్కటే, 14 మిల్లీమీటర్లు. ఆపరేషన్ చేయించుకున్నది నేను. ఆవిడ రాయి ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది. పెద్ద రాయిని వదిలేసి చిన్నవాటికి కోత ఏమిటని మా బావగారు మొహం మీదే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే రాయి కొలత చూసి తేల్చే విషయం కాదిది. అది ఎప్పుడైనా నొప్పి పెట్టిందా లేదా అన్నది ముందు చూడాలి.

నాకు పెట్టింది. సింహాచలంలో పెళ్లి భోజనం చేసి విశాఖలోని మద్దిలపాలెం వచ్చాం. పూర్ణాలకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని తిన్నాను. ఎన్ని తిన్నానో చెప్పను. రాత్రి పదకొండున్నరకు కుడివైపు పక్కటెముకల కింద మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమిలాను, సోడా తాగాను, డాబా మీద అటూ ఇటూ తిరిగాను. కూర్చున్నా, పడుకున్నా, బోర్లా తిరిగినా ఒకటే బాధ. వచ్చి పోయే నొప్పి కాదు, పట్టిన పట్టు వదలనిది. వెనక కుడి రెక్క ఎముక దాకా పాకింది. రెండున్నరకు ఎలా వచ్చిందో అలాగే పోయింది. మర్నాడు ఇడ్లీ తిని ఆఫీసుకు వెళ్లిపోయాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది.

ఈసారి ఆసుపత్రికి పరిగెత్తాం. యాభై దాటినవాడికి పొట్ట పైభాగంలో నొప్పంటే గుండె సంగతి తేలాకే మిగతావన్నీ అని ముందు ఇ.సి.జి. తీశారు. అది బాగుంది. స్కానింగ్‌కు మర్నాడు పరగడుపున రమ్మన్నారు. తిని వెళితే పిత్తాశయం ముడుచుకుపోయి లోపలిది సరిగా కనబడదు. బల్ల మీద ఎడమ పక్కకు తిరగమన్నారు. తెర మీద తెల్లటి చుక్కలు, ఒక్కొక్కదాని వెనక నల్లటి నీడ. నేను తిరగగానే అవి కూడా దొర్లాయి. దొర్లితే రాయి, గోడను అంటిపెట్టుకుని కదలకపోతే చాలావరకు పాలిప్, అంటే గోడ మీద పెరిగిన చిన్న కండ అని చెప్పారు. నా ఒంట్లో నాకు తెలియకుండా గులకరాళ్లు దొర్లుతున్నాయన్నది అప్పుడు కళ్లతో చూశాను.

మా ఆవిడ రాయి బయటపడిన తీరు వేరు. మామూలు ఆరోగ్య పరీక్షల్లో భాగంగా చేసిన స్కానింగ్‌లో కనబడింది. నొప్పి అన్నది ఆవిడ ఎరగదు. అక్కడి డాక్టరు రిపోర్టు చూసి, వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు, రేపే చేరండి అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. తర్వాత ఇంకో సర్జన్‌కు చూపించాం. ఆయన నాలుగు ప్రశ్నలు అడిగి, పొట్ట నొక్కి చూసి, ‘ఇంటికి వెళ్లండమ్మా, నొప్పి వస్తే రండి’ అన్నారు. రెండో అభిప్రాయానికి పెట్టిన డబ్బు అంత బాగా కలిసివచ్చిన సందర్భం నాకు ఇంకొకటి లేదు.

ఆయన చెప్పిన లెక్క ఇది. నొప్పి లేని రాళ్లు ఉన్న నూరుమందిలో ఏడాదికి ఇద్దరికో ముగ్గురికో మాత్రమే బాధ మొదలవుతుంది. చాలామంది ఆ రాయితోనే హాయిగా జీవితం గడిపేస్తారు. క్యాన్సర్ భయం కూడా అందరికీ ఒకటి కాదు. రాయి మూడు సెంటీమీటర్లు దాటినా, పిత్తాశయం గోడకు సున్నం పట్టినా, సెంటీమీటరుకు మించిన పాలిప్ ఉన్నా నొప్పి లేకపోయినా తీయించే ఆలోచన చేస్తారు. మన పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్నవారి సంగతి కూడా వేరు. ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోవడం వల్ల వారికి చిన్న వయసులోనే నల్లటి రాళ్లు కడతాయి. జబ్బు వల్ల వచ్చే కడుపునొప్పి ఏదో, రాళ్ల నొప్పి ఏదో విడదీయడం కష్టం. అందుకే వారి విషయంలో వైద్యులు అంతకాలం వేచి చూడరు.

ఒకసారి నొప్పి వచ్చాక లెక్క తిరగబడుతుంది. మళ్లీ రావడమే ఎక్కువ. చిన్న రాళ్లతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే. సీసా మూతిలోంచి నిమ్మకాయ జారదు, మిరియం జారుతుంది. అలా జారిన రాయి పిత్తనాళంలో అడ్డుపడితే కామెర్లు, చలిజ్వరం. క్లోమం (పాంక్రియాస్) దారిలో అడ్డుపడితే క్లోమం వాచిపోతుంది, అది ప్రాణం మీదకు రావచ్చు. పెద్ద రాయి అమాయకమైనదని కాదు, పిత్తాశయం మూతి దగ్గర ఇరుక్కుంటే అది కూడా దాన్ని వాపెక్కిస్తుంది. కానీ బావగారికి నేను చెప్పిన జవాబు మాత్రం మిరియాల లెక్కే.

మందులతో కరిగించలేమా అని నేనూ అడిగాను. అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్రలు ఉన్నాయి. అవి పనిచేసేది సెంటీమీటరులోపు కొలెస్ట్రాల్ రాళ్ల మీదే, అది కూడా పిత్తాశయం సరిగా ముడుచుకుంటుంటేనే. ఆరు నెలల నుంచి రెండేళ్లు మింగాలి. ఆపాక అయిదేళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు మళ్లీ కడతాయి. ఈలోగా నొప్పి రాదన్న హామీ లేదు. మత్తు తట్టుకోలేనివారికి అదొక దారి, నాకు కాదు.

ఇక అత్తయ్యగారు. అనకాపల్లి నుంచి సంచీ నిండా కొండపిండి ఆకు, ఇంత పొడవు అరటి దూట తెచ్చారు. ‘పదిహేను రోజులు తాగు బాబూ, కరిగిపోతాయి’ అన్నారు. ఆ రెండూ మనవాళ్లు మూత్రపిండాల్లో రాళ్లకు వాడేవి. మూత్రం దారి వేరు, పిత్తం దారి వేరు. ఆవిడ మనసు నొప్పించడం ఇష్టం లేక దూట కూర మటుకు రెండుసార్లు తిన్నాను, బాగుంది. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోతాయని ఫోనులో తిరిగే వీడియోలను మాత్రం నమ్మకండి. మర్నాడు విరేచనంలో కనిపించే పచ్చటి ఉండలు ఆ నూనె పేగుల్లో సబ్బుగా మారి గడ్డకట్టినవే.

పిత్తాశయాన్ని తొలిసారి తీసింది 1882లో, బెర్లిన్‌లో. లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి గొట్టాలు పంపి తీయడం 1985లో జర్మనీలోనే మొదలైంది, 1990లో ముంబైకి వచ్చింది. నాకూ నాలుగు చిన్న రంధ్రాలతోనే చేశారు, మర్నాడు ఇంటికి పంపారు. కోసిన చోటుకన్నా కుడి భుజం ఎక్కువ సలిపింది. పొట్ట ఉబ్బడానికి నింపే కార్బన్ డయాక్సైడ్ వాయువు చేసే పని అది, రెండు రోజుల్లో పోయింది. పదో రోజున బీచ్ రోడ్డులో నడిచాను. పిత్తాన్ని తయారుచేసేది కాలేయం, పిత్తాశయం దాన్ని దాచే ట్యాంకు మాత్రమే. ట్యాంకు తీసేస్తే కుళాయి నేరుగా పేగులోకి పారుతుంది. అందుకే మొదట్లో నూనె వంటకాలు తిన్నప్పుడు విరేచనాలయ్యాయి, నెమ్మదిగా సర్దుకున్నాయి. కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి.

ప్రమాదం లేదని చెబితే అబద్ధం. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి అయిదింటిలో పిత్తనాళానికి దెబ్బ తగలవచ్చు, దాన్ని సరిచేయడం పెద్ద పని. లోపల అంతా అతుక్కుపోయి ఉంటే మధ్యలో పొట్ట కోసి తీయవలసి వస్తుంది. అది సర్జన్ ఓటమి కాదు, ఆయన వివేకం. అందుకే, చేయించుకోవాలని తేలాక వాయిదా వేయకుండా, నొప్పి లేని రోజు చూసుకుని చేయించుకోవడమే మంచిదంటాను. పిత్తాశయానికి వాపు వచ్చేసి ఉంటే మొదటి కొద్ది రోజుల్లోనే తీయడం మేలంటున్నారు ఇప్పటి సర్జన్లు.

ఖర్చు దగ్గర వెనకాడేవారు విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రులైన, 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో, హనుమంతవాక దగ్గరి విమ్స్‌లోనో అడగవచ్చు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద మీ చికిత్స ఏ ఆసుపత్రిలో వస్తుందో ముందే ఆరోగ్యమిత్రను కనుక్కోండి.

నా రాళ్లను చిన్న ప్లాస్టిక్ డబ్బీలో వేసి ఇచ్చారు. ముదురు గోధుమ రంగు, ఒకదానికొకటి ఒరుసుకుని పలకలు తేలాయి. లెక్కపెడితే పదిహేడు. మా ఆవిడ దాన్ని పోపులపెట్టె పక్కన పెట్టనివ్వలేదు. ఆవిడ పర్సులో మాత్రం ఒక చీటీ ఉంది: జ్వరం, కళ్లు పచ్చబడటం, అయిదారు గంటలు దాటినా తగ్గని నొప్పి, వీటిలో ఏది వచ్చినా తిన్నగా ఆసుపత్రికి. మొన్న పండక్కి పూర్ణాలు చేస్తే నేను మూడు తిన్నాను, ఆవిడ ఒకటి తిని ఆపింది. ఇంకా రాయి ఉన్నది ఎవరికో బావగారికి కూడా తెలిసిపోయింది.