డాన్ ఒటోకో మిచి: పదిహేనేళ్ల తర్వాత

మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో 56 మంది ఫైటర్లున్నారు. ముగ్గురిని ఎంచుకుని జట్టు కట్టాలి. 2009 వేసవి సెలవుల నుంచి, ఆడిన ఏ రోజూ నా జట్టులో డాన్ హిబికి లేకుండా లేడు. ఈ సమీక్ష అతని ఆట మొత్తం గురించి కాదు. అతని దెబ్బల్లో ఒకే ఒక్కదాని గురించి, ఒటోకో మిచి గురించి.

డాన్ 1995లో స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫాతో వచ్చాడు. పోటీ కంపెనీ ఎస్‌ఎన్‌కే చేసిన ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ హీరోలను ఆటపట్టించడానికి క్యాప్‌కామ్ పుట్టించిన మనిషి. గులాబీ రంగు డ్రెస్సు. స్ట్రీట్ ఫైటర్ హీరో ర్యూ వదిలే నిప్పుబంతి స్క్రీన్ ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది, ఇతని గాదోకెన్ చెయ్యి దాటి నాలుగడుగులు పోకముందే ఆరిపోతుంది. ఎదుటివాణ్ని వెక్కిరించడానికే ఒక సూపర్, అంటే మీటరు ఖర్చుపెట్టి చేసే పెద్ద దెబ్బ ఉంది, దానితో డామేజీ సున్నా. అందరూ నవ్వుతారు. కథలో మాత్రం ఇతను సాగట్ అనే ఫైటర్ చేతిలో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు. చిన్నప్పుడు నన్ను పట్టేసింది ఆ సంగతే.

ఒటోకో మిచి అంటే మగవాడి దారి అని అర్థం. అకుమా అనే ఫైటర్ చేసే షున్ గోకు సట్సుకు ఇది పేరడీ. మార్వెల్ సూపర్ హీరోస్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌లో మొదలైంది. పంచ్, కిక్, స్టిక్ అన్నీ కలిపి ఐదు నొక్కుళ్లు వరసగా పడాలి. మీటరు మూడు లెవెళ్లు పోతుంది. పట్టు దొరికిందా, ఎదుటివాడి లైఫ్‌లోంచి పెద్ద ముక్క ఎగిరిపోతుంది. దానికి డాన్ కట్టే ఖరీదు తన ప్రాణమే. లైఫ్ బార్ నిండుగా ఉన్నా సగమే ఉన్నా, చివరికి వెంట్రుకవాసి మాత్రమే మిగులుతుంది.

మాది ఉక్కునగరం, విశాఖ స్టీల్‌ప్లాంట్ కాలనీ. నాన్న సి షిఫ్టుకి వెళ్లిన రాత్రుల మర్నాడు ఇంట్లో ఆయన నిద్రపోతుంటే చప్పుడు చెయ్యకూడదు కాబట్టి, అమ్మే మా ఇద్దరినీ బయటికి పంపేది. నేనూ తమ్ముడూ బస్సెక్కి గాజువాకలో ఒక గేమ్ పార్లర్‌కి పోయేవాళ్లం. అక్కడి పీఎస్2 ప్యాడ్‌లో హెవీ పంచ్ బటన్ ఇరుక్కుపోయేది. నొక్కితే లోపలికి పోయి, గోరుతో పైకి లాగితే గానీ వచ్చేది కాదు. మూడు లెవెళ్లు కూడబెట్టి, ఐదు నొక్కుళ్లలో నాలుగు సరిగ్గా పడి, ఒకటి పడకపోతే డాన్ నిలబడి ఒక మామూలు పంచ్ విసిరి ఊరుకునేవాడు. పక్కన తమ్ముడు, "ఏటన్నయ్యా, మళ్లీ అదేనా?" అనేవాడు. అదే. మళ్లీ మళ్లీ అదే.

మొదటి రెండేళ్లు దీన్ని తప్పుగా వాడాను. ఆట మొదలవగానే, లైఫ్ నిండా ఉండగానే, ఎప్పుడెప్పుడు పట్టుకుందామా అని చూసేవాణ్ని. దొరికితే కేకలు. ఆ తర్వాత ఐదు సెకన్లలో డాన్ చచ్చేవాడు. ఈ ఆటలో స్పెషల్ దెబ్బని అడ్డుకున్నా కాస్త లైఫ్ కరుగుతుంది, వెంట్రుకవాసి బార్‌కి ఆ కాస్తే చాలు. పోనీ వెంటనే మార్చి వెనక్కి పంపుదామంటే ఇంకో చిక్కు. తమ్ముడు స్నాప్‌బ్యాక్ నేర్చుకున్నాడు. ఒక లెవెల్ ఖర్చుపెట్టి నా ముందున్నవాణ్ని బయటికి తోసేసి, వెనకాల దాక్కున్న డాన్‌ని మళ్లీ లాక్కొచ్చేవాడు. వచ్చీ రాగానే ఒక్క లైట్ కిక్.

తర్వాత ఒక రోజు, ఎలాగూ పోయిన ఆటే కదా అని చచ్చేందుకు సిద్ధంగా ఉన్న డాన్‌తో చేశాను. ఎదుటివాడి లైఫ్ కూలింది, డాన్ బార్ కదల్లేదు. అప్పుడు బుర్రకెక్కింది. ఇది తీసుకునేది లెక్కగట్టిన మొత్తం కాదు, మిగిలినదంతా. నిండు లైఫ్‌తో చేస్తే దీనంత ఖరీదైన సూపర్ లేదు. చావబోయే ముందు చేస్తే ప్రాణం ఖర్చు దాదాపు లేదు, మీటరు మాత్రమే. అప్పటి నుంచి డాన్‌ని మొదట దింపి దెబ్బలు తిననిస్తాను, మీటరులో మూడు లెవెళ్లు ముట్టుకోను. మిగతా ఇద్దరూ సూపర్ లేకుండానే నెట్టుకురావాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదొక్కటే, చాలా ఆటలు అక్కడే పోయాయి.

పెద్ద లోపం ఇంకోటుంది, దానికి మందు లేదు. ఇది పట్టు. బ్లాక్ పనిచెయ్యదు గానీ, ఎగిరితే చాలు. డాన్ కదలగానే తెలిసిన ఆటగాడు పైకి ఎగిరిపోతాడు, మూడు లెవెళ్లూ గాల్లో కలుస్తాయి. అందుకే వాడు ఏదైనా పెద్ద సూపర్ గురి తప్పి నేల మీద ఇరుక్కున్న ఆ క్షణం కోసం కాచుకోవాలి. మొత్తం ఆటలో అలాంటి క్షణం ఒకటో రెండో వస్తాయి. ఓపిక లేనివాళ్లకి ఈ దెబ్బ వద్దనే చెబుతాను. టైమ్ అయిపోయేలా ఉంటే అసలు వద్దు, మిగిలిన లైఫ్ మీదే గెలుపు తేలుతుంది.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చాక చాలా రోజులు కరెంటు లేదు. పార్లర్ రేకులు లేచిపోయి, మళ్లీ తెరవలేదు. ఈ ఆట లేకుండానే పదేళ్లు గడిచాయి. 2024 సెప్టెంబర్‌లో క్యాప్‌కామ్ పాత ఆటలు ఏడింటిని ఒకే కలెక్షన్‌గా తెచ్చినప్పుడు కొన్నాను. అందులో ట్రైనింగ్ మోడ్ ఉంది. పార్లర్‌లో గంటకింత అని కడుతూ సాధన చెయ్యలేనిదంతా ఇక్కడ చేశాను. ఐదు నొక్కుళ్లు ఇప్పుడు పదిసార్లలో తొమ్మిదిసార్లు పడుతున్నాయి, ప్యాడ్ బాగున్నందుకూ కావచ్చు. దూరం మాత్రం ఇప్పటికీ మోసం చేస్తోంది. దగ్గరున్నట్టే అనిపిస్తుంది, అందదు.

మొన్న ఆదివారం తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చాడు. వాడిది స్టార్మ్, నాది డాన్, ఇద్దరికీ ఒక్కొక్కరే మిగిలారు. నా బార్ ఎర్రగీత. వాడి సూపర్ నా పక్కనుంచి పోయింది, స్టార్మ్ కిందికి దిగుతోంది. మీటరు చూశాను, మూడు. వాడూ నా మీటరే చూశాడు. స్టార్మ్ కాళ్లు నేలకి తగిలాయి, వాడి వేలు స్టిక్ మీద పైకి జరుగుతోంది, నేను ఐదోది నొక్కాను.