ఇంగ్లండ్‌లో ఏటి పక్కన ఇల్లు కొంటున్నారా? సంతకం పెట్టే ముందు పైపు ఎక్కడుందో చూడండి

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనే ప్రయత్నాల్లో ఉన్న మనవాళ్లు ఇది ఒకసారి చదవండి. బ్రోచర్లో 'రివర్‌సైడ్' అనే మాట కనపడగానే మెత్తబడిపోయే గోదావరి జిల్లాల వాళ్లయితే రెండుసార్లు చదవండి. మేం అలాగే మెత్తబడి పాతికేళ్ల మార్ట్‌గేజ్ నెత్తికెత్తుకున్నాం.

ఊరి పేరు, బిల్డర్ పేరు, మా వాటర్ కంపెనీ పేరు రాయను. దక్షిణాన, లండన్‌కి రైల్లో గంటన్నర దూరంలో ఉన్న చిన్న టౌన్. ఊరి చివర పొలాల్లో నూట ఎనభై ఇళ్ల కొత్త వెంచర్. వెనక గేటు తీసుకుని రెండు నిమిషాలు నడిస్తే ఏరు. ఇలాంటి ఏటిని ఇక్కడ చాక్ స్ట్రీమ్ అంటారు. సుద్దరాతి కొండల్లోంచి ఊటగా వచ్చే నీళ్లు. ప్రపంచం మొత్తంలో ఇలాంటి ఏరుల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. మేం 2023 జూన్‌లో చూడ్డానికి వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేలా ఉన్నాయి. సేల్స్ ఆఫీసు అమ్మాయి వంతెన మీంచి ట్రౌట్ చేపల్ని చూపించింది. అదే సైజు ఇల్లు రోడ్డు వైపు పదిహేను వేల పౌండ్లు తక్కువ. మేం ఏటి వైపుదే తీసుకున్నాం.

నవంబర్‌లో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. కార్తీక పౌర్ణమికి ఏట్లో దీపం వదలాలని ఆవిడ కోరిక. అరటి దొప్పలు దొరకవు కాబట్టి కాగితం గిన్నెలు, నెయ్యి ఒత్తులు సిద్ధం చేసుకుంది. అంతకుముందు మూడు రోజులు ఒకటే వాన. పొద్దున్నే చోటు చూసి వద్దామని ఇద్దరం వెళ్లాం. గట్టు మీది విల్లో చెట్ల కొమ్మలకి తెల్లగా ఏవో వేలాడుతున్నాయి. దూరం నుంచి పూత అనుకున్నాను, నవంబర్‌లో పూతేమిటన్న ఆలోచన కూడా రాలేదు. దగ్గరికెళ్తే వెట్ వైప్స్, టిష్యూ ముక్కలు. రాత్రి నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో అంత ఎత్తున కొమ్మ కొమ్మకీ చుట్టుకుని ఉన్నాయి. వాసన మనం ఊహించే మురుగు కంపు కాదు. బట్టల సబ్బు, బాత్రూం కలిపి ఎవరో ఉడకబెట్టినట్టుంది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇదేం ఏరురా నాన్నా, పద, ఇంటికి పోదాం" అంది. ఆ రాత్రి దీపాలు పెరట్లో స్టీలు టబ్‌లో వదిలాం.

పక్క వీధిలో డెబ్భై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, చేపలు పట్టడం ఆయన వ్యసనం. అసలు సంగతి ఆయన చూపించారు. మా గేటు నుంచి ఎగువకి అర కిలోమీటర్ నడిస్తే, బ్లాక్‌బెర్రీ ముళ్ల పొదల వెనక ఒక సిమెంటు పైపు నోరు ఉంది. దాన్నే స్టార్మ్ ఓవర్‌ఫ్లో అంటారు. దాని కింద రాళ్లకి బూడిద రంగు దూది తొడుగు వేసినట్టు ఏదో పేరుకుని ఉంది. పెద్దాయన కర్రతో గీకి చూపించి, దీన్ని సీవేజ్ ఫంగస్ అంటారని, పేరుకి ఫంగస్ అయినా ఎక్కువ భాగం బ్యాక్టీరియానేనని చెప్పారు. పైపు ఎగువన రాళ్లు శుభ్రంగా ఉన్నాయి. దిగువన ఇదీ పరిస్థితి. మా ఇల్లు దిగువన.

ఈ పైపు కథ తెలుసుకోండి. ఇక్కడి పాత ఊళ్లలో చాలాచోట్ల వాననీరు, లెట్రిన్ నీరు ఒకే పైపులో పోతాయి, విక్టోరియా రాణి కాలం నాటి పద్ధతి. జోరు వాన పడితే పైపు నిండిపోయి ఇళ్లలోకి ఎగదన్నకుండా, ఎక్కువైనది నదిలోకి పోయేలా ఈ ఓవర్‌ఫ్లోలు పెట్టారు. పర్మిట్ ప్రకారం అసాధారణ వానలప్పుడే తెరుచుకోవాలి. మా వైపు ఇంకో తిరకాసు ఉంది. చలికాలంలో సుద్దరాతి భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. పాత పైపుల పగుళ్లలోంచి ఆ భూగర్భజలం లోపలికి చేరి, వాన లేకపోయినా పైపు నిండిపోతుంది. 2024 ఫిబ్రవరిలో ఒకసారి వారం రోజులు చుక్క పడలేదు, ఆ పైపు మాత్రం పారుతూనే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఓపిగ్గా విని, అంతా పర్మిట్‌కి లోబడే జరుగుతోందని చెప్పి, కేసు నంబర్ ఇచ్చారు. నా దగ్గర ఇప్పుడు పదకొండు కేసు నంబర్లున్నాయి.

నాకు ఎక్కువ మంట పుట్టించింది ఇదీ కాదు. 1991 నాటి వాటర్ ఇండస్ట్రీ యాక్ట్ ప్రకారం కొత్త ఇంటికి పబ్లిక్ సీవర్‌లో, అంటే ఊరి మురుగు పైపులో కలుపుకునే హక్కు ఉంది. మా దగ్గర చోటు లేదని వాటర్ కంపెనీ కనెక్షన్ ఇవ్వననడానికి లేదు. అంటే మా నూట ఎనభై ఇళ్ల ఫ్లష్షులు ఆ నిండిన పైపులోకే చేరాయి. ఈ సంగతి చెప్తే మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే మనం వదిలిందే మన గేటు ముందుకి వస్తోందన్నమాట" అంది. సేల్స్ ఆఫీసులో డ్రైనేజీ గురించి అడిగితే 'మెయిన్స్‌కి కనెక్ట్ అయింది' అన్నారు. అబద్ధమేం కాదు మరి.

ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. 2023 ఆఖరుకి ఇంగ్లండ్‌లో ఓవర్‌ఫ్లోలన్నింటికీ మానిటర్లు పెట్టాక తేలిన లెక్క చూడండి: ఆ ఒక్క ఏడాదిలో 4,64,056 సార్లు, మొత్తం 36 లక్షల గంటలు మురుగు వదిలారు. 2024లో సార్లు కాస్త తగ్గాయి గానీ గంటలు తగ్గలేదు. 1989లో థాచర్ ప్రభుత్వం నీటి సంస్థల్ని అమ్మినప్పుడు పాత అప్పులన్నీ మాఫీ చేసి మరీ ఇచ్చింది. 2025 నాటికి ఒక్క థేమ్స్ వాటర్ అప్పే దాదాపు 2,000 కోట్ల పౌండ్లు. మధ్యలో వాటాదార్లకి డివిడెండ్లు పోతూనే ఉన్నాయి. సదరన్ వాటర్‌కి 2021 జులైలో కోర్టు 9 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. కెంట్, హాంప్‌షైర్, ససెక్స్ తీరాల్లో ఏళ్ల తరబడి శుద్ధి చేయని మురుగు వదిలి, ఒప్పుకున్న కేసు అది. థేమ్స్ వాటర్‌కి 2025 మేలో నీటి కంపెనీల రెగ్యులేటర్ ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్లు వేసింది, అందులో డివిడెండ్ల తప్పుకి కూడా వాటా ఉంది. ఈ రెండూ వార్తల్లో వచ్చినవి. మా కంపెనీ వీటిలో ఒకటని లెక్కలు కట్టకండి, నేనేమీ చెప్పడం లేదు.

జనం కోపం మామూలుగా లేదు. 2024 నవంబర్ 3న లండన్‌లో పార్లమెంటు దగ్గరికి వేలమంది నీలం బట్టలు కట్టుకుని ఊరేగింపుగా వెళ్లారు. నేను నీలం లుంగీ భుజాన వేసుకుని వెళ్లాను, అంతకంటే నీలం ఇంట్లో దొరకలేదు. నా పక్కన నడిచింది సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు, ఈతకెళ్లే బామ్మలు, గాలాలు పట్టుకున్న ముసలాళ్లు. ఎడమ పార్టీ, కుడి పార్టీ అని లేకుండా ఇంతమంది ఒక్క మాట మీద ఉండటం ఈ దేశంలో నేను చూసిన మొదటిసారి. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పడవ పందెంలో, గెలిచినవాళ్లు తమ కాక్స్‌ని (పడవకి దారి చూపే మనిషిని) నదిలోకి విసిరే పాత సరదా వద్దని ముందే చెప్పాల్సి వచ్చింది. థేమ్స్ నీళ్లలో ఈ-కోలై, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా, అంత ఎక్కువగా ఉంది.

ఇక డబ్బుల సంగతి. కరెంటు కంపెనీ నచ్చకపోతే మారిపోతాం. నీళ్లకి అది కుదరదు. ఏ పోస్ట్‌కోడ్‌లో ఇల్లు కొంటే ఆ ఏరియా కంపెనీతోనే కాపురం. 2024 డిసెంబర్‌లో ఆఫ్‌వాట్ 2030 నాటికి బిల్లులు సగటున 36 శాతం పెంచుకోమంది, ద్రవ్యోల్బణం దానికి అదనం. పైపులు బాగుచేయడానికట. ముప్ఫై ఏళ్లుగా మనం కట్టింది దేనికని జనం అడుగుతున్నది అదే. కొందరు మురుగు భాగం బిల్లు కట్టడం మానేశారు. ఇళ్లకి నీళ్లు ఆపే హక్కు కంపెనీకి లేదు, నిజమే. కానీ బాకీ క్రెడిట్ ఫైల్‌లోకి ఎక్కుతుంది. రీమార్ట్‌గేజ్ చేసుకోవాల్సిన మనలాంటివాళ్లు ఆవేశపడొద్దు. ప్రభుత్వం 2025 జులైలో ఆఫ్‌వాట్‌నే రద్దు చేస్తామంది. దానివల్ల మా ఏరు ఎప్పటికి బాగుపడుతుందో నాకైతే నమ్మకం లేదు.

సరే, మీరేం చేయాలి? ఇల్లు ఎండాకాలంలో నచ్చితే, చలికాలంలో వాన వెలిసిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. ఇంటి లోపల చూసింది చాలు, ఏటి గట్టున ఎగువకి ఒక కిలోమీటర్ నడవండి. కాలికి బురద అంటుతుందని అక్కడ వెనక్కి తిరిగానే, అదే నేను చేసిన తప్పు. వెళ్లేముందు ఇంట్లో కూర్చునే, నదుల కోసం పనిచేసే రివర్స్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ల మురుగు మ్యాప్ తెరవండి. ఏ పైపు కిందటేడు ఎన్నిసార్లు, ఎన్ని గంటలు పారిందో ఉంటుంది. ఇప్పుడు ఏది పారుతోందో కూడా తెలుస్తుంది, 2025 నుంచి గంటలోపు ఆ సమాచారం బయటపెట్టాలని చట్టం వచ్చింది. నేను కొన్నప్పుడు ఇంత సౌకర్యం లేదు, కానీ ఉన్న మ్యాప్ కూడా నేను చూడలేదు, అదీ నిజం.

ఇల్లు కొనేటప్పుడు మన లాయరు, అంటే సొలిసిటర్, డ్రైనేజీ అండ్ వాటర్ సెర్చ్ అని ఒక రిపోర్ట్ తెప్పిస్తారు. మనం దాన్ని తెరవకుండానే 'ఓకే' అని మెయిల్ కొడతాం. తెరవండి. మురుగు, వాననీరు పబ్లిక్ సీవర్‌లోకి వెళ్తున్నాయా, మురుగు ఎగదన్ని ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉన్న ఇళ్ల జాబితాలో మనది ఉందా, శుద్ధి కేంద్రం ఎంత దూరం, ఇవన్నీ ఉంటాయి. నాకొచ్చిన దాంట్లో ఎగువ పైపు గురించి ఒక్క ముక్క లేదు, ఎందుకంటే అది నా ఇంటి హద్దులో లేదు కదా! కొత్త వెంచరైతే వీధి కింది సీవర్లని వాటర్ కంపెనీ తన పేరు మీదకి తీసుకుందా లేదా అని తప్పక అడగండి. తీసుకోకపోతే ఆ పైపుల మరమ్మతు ఖర్చు మేనేజ్‌మెంట్ ఛార్జీ రూపంలో మీ మీదే పడొచ్చు. వాననీరు సోక్‌అవే గుంటలోకి (భూమిలోకి ఇంకిపోయే గుంట) పోతున్న ఇల్లయితే బిల్లులో సర్ఫేస్ వాటర్ డ్రైనేజీ తగ్గింపు అడగొచ్చు. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. మేం ఏడాదిన్నర ఊరికే కట్టాం.

పిల్లలున్నవాళ్లకి ఇంకో మాట. మొదటి ఎండాకాలం మా తొమ్మిదేళ్లవాడు వలగరిటె పట్టుకుని చెప్పుల్లేకుండా ఆ ఏట్లో దిగాడు. రెండు రోజుల తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, మూడు రోజులు లేవలేదు. ఏట్లోంచే వచ్చిందని డాక్టర్ అనలేదు, నేనూ అనను, స్కూల్లో కూడా అప్పుడు అదే తిరుగుతోంది. కానీ తెలుసుకోండి: శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లలో కూడా మామూలుగా క్రిములు మిగిలే ఉంటాయి, నదిలోకి వదిలే ముందు వాటిని చంపే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉండదు. క్రిముల పరీక్ష ప్రభుత్వం స్నానానికని ప్రకటించిన చోట్లే క్రమం తప్పకుండా చేస్తారు. నదుల్లో అలా మొదట ప్రకటించింది 2020లో ఇల్క్లీ దగ్గర వార్ఫ్ నదిని. దానికి వచ్చిన మార్కు 'పూర్'. మురుగు కళ్లపడితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి 0800 80 70 60కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. ఫొటో, టైము రాసి పెట్టుకోండి.

మా సైట్‌లో మూడో ఫేజ్ అమ్మకాలు మొదలయ్యాయి, అదే ఏటి వైపు, ఈసారి ధర ఇంకా ఎక్కువ. మనవాళ్లు రెండు కుటుంబాలు చూసి వెళ్లారని విన్నాను. ఇది మీరే చదువుతుంటే, వచ్చే శనివారం సేల్స్ ఆఫీసుకి పోయేముందు మా ఇంటికి రండి. ఇడ్లీ తినేసి బయల్దేరదాం. గమ్‌బూట్లు తెచ్చుకోండి, ముళ్లున్నాయి, ఫుల్ చేతుల చొక్కా కూడా.