షెఫీల్డ్ ఫ్యాట్ క్యాట్: పీపాలో పండిన బీరు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో, కెలమ్ ఐలండ్ అనే పాత పారిశ్రామికవాడలో, 1981 నుంచి రియల్ ఏల్‌కు (పీపాలోనే పండే సంప్రదాయ బీరుకు) పేరుపొందిన ఫ్యాట్ క్యాట్ పబ్బుకు వెళ్లేవారు, లాగర్‌లోని (బాగా చల్లబరిచి ఇచ్చే మామూలు బీరులోని) మంచు చల్లదనాన్ని, ముక్కుకెక్కే గ్యాసును ఆశించకూడదు. ఈస్టు సజీవంగా ఉండగానే పీపాలోకి చేరి, అక్కడే మరోసారి పులిసిన బీరును, బయటి గ్యాసు కలపకుండా, దాదాపు 12 డిగ్రీల వద్ద ఉంచి చేతిపంపుతో తోడి పోస్తారు. మీగడలాంటి నురగ కింద తేనెరంగు తేటపడే వరకు ఆగి తాగితే, ముందు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, ఆ వెనుకే హాప్స్ (బీరులో వేసే పూలు) చేదు నాలుకకు స్పష్టంగా తెలుస్తాయి. నన్ను కట్టిపడేసింది ఆ నిదానమే.

1990లో ఈ పబ్బు ఆవరణలోనే పుట్టిన బ్రూవరీ తయారుచేసిన పేల్ రైడర్, 2004లో బ్రిటన్ చాంపియన్ బీరుగా ఎంపికైంది.

తెరిచిన పీపా మూడు రోజులకే రుచి తప్పుతుంది కనుక, గిరాకీ బాగా ఉన్న ఇలాంటి చోటే రియల్ ఏల్ తాగాలని నా గట్టి అభిప్రాయం. పబ్బుల్లో బీరు కొలత అయిన పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, ఒక్క గ్లాసుకు ఎక్కువే. అందుకే సగం పైంటు చొప్పున రెండు మూడు రకాలు రుచి చూడడం మేలు. సీసాలోనే పులిసే బీర్లను మాత్రం గ్లాసు వంచి, ఒకే ధారగా పోసుకుని, అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి కదలకముందే ఆపాలి.