గార్మిన్ ఫోర్‌రన్నర్ 955 సోలార్: ఎండ ఇచ్చేదెంత, వాచీ ఇచ్చేదెంత

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున పరుగెత్తేవారిలో ఎవరైనా ఈ వాచీ పేరు వింటే మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అయితే దీనికి ఇక ఛార్జింగ్ పెట్టనక్కర్లేదన్నమాట?" పెట్టాలి. సోలార్ అనే మాట వినగానే ఇంటి మేడ మీద పలకలు బిగించి కరెంటు బిల్లు తగ్గించుకున్న పొరుగువారు గుర్తుకు రావడం సహజమే గానీ, చేతికి కట్టుకునే ఈ వస్తువులో ఎండ చేసే పని బ్యాటరీని నింపడం కాదు, అది ఖాళీ అయ్యే వేగాన్ని కొద్దిగా తగ్గించడం మాత్రమే. ఆ "కొద్దిగా" అంటే ఎంతో తెలుసుకున్నాకనే దీని మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడం మంచిది.

ఇందుకు వేరే పరిశోధన ఏమీ అక్కర లేదు, తయారీ సంస్థ స్వయంగా ప్రకటించిన అంకెలే చాలు. 2022 జూన్‌లో వచ్చిన ఈ వాచీ మామూలు వాడకంలో 15 రోజులు, ఎండ తోడైతే 20 రోజులు నడుస్తుందని సంస్థ చెబుతుంది. అయితే ఆ 20 రోజుల వెనుక ఒక షరతు ఉంది: రోజుకు మూడు గంటల పాటు 50,000 లక్స్ కాంతిలో, అంటే కార్యాలయంలో ట్యూబ్‌లైట్ల కింద ఉండే వెలుతురుకు వంద రెట్లు ఉండే ఆరుబయటి ఎండలో, వాచీ ముఖం తెరిచి ఉండాలి. 15 రోజుల లెక్కన రోజుకు ఆరున్నర శాతం పైచిలుకు ఖర్చయ్యే బ్యాటరీ 20 రోజుల లెక్కన 5 శాతం ఖర్చవుతుందంటే, మూడు గంటల గట్టి ఎండ తెచ్చిపెట్టినది ఒకటిన్నర శాతం కన్నా కొంచెం ఎక్కువ. జీపీఎస్ నడుస్తున్నప్పుడు 42 గంటలు 49 అవుతాయి. అన్ని ఉపగ్రహ వ్యవస్థలనూ రెండు తరంగాల మీద అందుకునే అత్యంత కచ్చితమైన పద్ధతిలో అయితే 20 గంటలు 22 అవుతాయి. ఎటు నుంచి లెక్క వేసినా గంట ఎండకు దక్కేది మూడో వంతు శాతం నుంచి అర శాతం పైచిలుకు మధ్యనే తేలుతుంది. బొట్టుబొట్టుగా కారే కొళాయి కింద బిందె పెట్టినట్టు ఇది: నీళ్లు పడుతున్న మాట నిజమే, కానీ ఆ నీళ్లతో ఇల్లు గడవదు. కేబుల్‌కు కొన్ని నిమిషాలు తగిలిస్తే వచ్చే ఛార్జింగ్ ఎండ నుంచి రావాలంటే రోజులు పడుతుంది.

ఇంత తక్కువ ఎందుకంటే, ఎండను పట్టే చోటు అంతే ఉంది గనుక. గాజు కింద తెర అంచు చుట్టూ సన్నని పట్టీ, తెర మీదుగా కాంతిని చాలా వరకు లోపలికి వదిలేసే పలుచని పొర, వీటితోనే పని జరగాలి. తెర మీద పొరను దట్టం చేస్తే అంకెలు కనిపించవు, అంచును వెడల్పు చేస్తే తెర చిన్నదైపోతుంది.

ప్రకటనల్లోని ఆ మూడు గంటల ఎండ మన దగ్గర పరుగెత్తేవారికి దొరుకుతుందా అన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. ఎండలు మండే రాష్ట్రాల్లో సోలార్ వాచీకి తిరుగేముందని అనిపించవచ్చు గానీ, ఎండ మండుతుంది కాబట్టే మనం ఎండలో పరుగెత్తం. మే నెలాఖరులో విశాఖలో సూర్యోదయం 5 గంటల 20 నిమిషాలకే అవుతుంది. దూరం పరుగెత్తే వారు అంతకు ముందే రోడ్డు మీద ఉంటారు, ఎండ చురుక్కుమనే సరికి ఇంటికి చేరతారు. పొద్దు పొడిచాక కూడా తొలి గంటలో సూర్యుడు సముద్రం మీద వాలుగా ఉంటాడు, పరుగులో మోచేయి మడిచి ఉండడం వల్ల వాచీ ముఖం ఆకాశం వైపు కాక పక్కకు తిరిగి ఉంటుంది, కాబట్టి గాజు మీద పడే కాంతి 50,000 లక్స్ దరిదాపులకు రాదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, వానాకాలపు మబ్బుల కింద, తెల్లవారకముందే మొదలవుతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవారు ఆషాఢ పౌర్ణమి ముందు రాత్రంతా నడుస్తారు. ఇక పగలంతా కార్యాలయంలో కూర్చునేవారికి, ద్విచక్ర వాహనం మీద వెళ్లేటప్పుడు చేతులకు ఎండ తొడుగులు వేసుకునేవారికి ఎండ అందే దారే లేదు. వాచీలో గత ఆరు గంటల కాంతి తీవ్రతను గీతగా చూపే తెర ఒకటి ఉంది. నగర ఉద్యోగి చేతి మీద ఆ గీత చాలా రోజులు నేలబారుగానే ఉంటుందని అది చూసేవారికి త్వరలోనే తెలిసిపోతుంది.

దీనికి విరుగుడుగా వాచీని కారు డ్యాష్‌బోర్డు మీదనో, వేసవిలో కిటికీ గట్టు మీదనో ఎండబెట్టే ఆలోచన కొందరికి వస్తుంది. అది మానుకోవడం మంచిది. లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదు, మూసి ఉంచిన కారు లోపల వేసవి మధ్యాహ్నం వేడి ఆ హద్దును సులువుగా దాటిపోతుంది. రెండు శాతం ఛార్జింగ్ కోసం బ్యాటరీ ఆయుష్షును తగ్గించుకోవడంలో అర్థం లేదు.

సోలార్ సంగతి పక్కన పెట్టి చూస్తే మాత్రం ఇది చాలా మంచి వాచీ, అసలు మెచ్చుకోవలసింది దీని తెరను. ఫోన్లలో ఉండే తెరల్లా ఇది తనంతట తాను వెలగదు. మీద పడిన వెలుగును తిరిగి వెదజల్లి అంకెలను చూపిస్తుంది. అందువల్ల ఎండ ఎంత తీవ్రంగా ఉంటే అక్షరాలు అంత స్పష్టంగా కనిపిస్తాయి, తెర ఎప్పుడూ తెరిచే ఉన్నా బ్యాటరీ మీద భారం ఉండదు. వేగంగా పరుగెత్తుతూ కంటి కొసతో చూసినా కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడుతోందో తెలిసిపోవడం, చెయ్యి తిప్పి తెర వెలిగే దాకా ఆగవలసిన అవసరం లేకపోవడం రోజూ వాడేవారికి విలువైన సౌకర్యాలు. గదిలో, మసక వెలుతురులో ఇదే తెర వెలవెలబోతుంది, రంగులు పాలిపోయినట్టు ఉంటాయి. నగల దుకాణంలో వస్తువులా మెరిసే వాచీ కావాలనుకునేవారికి ఇది నచ్చదు. 15 రోజుల మన్నికకు అసలు కారణం ఈ తెర, లోపలి ఎలక్ట్రానిక్స్ పొదుపు. ఎండ వాటా తరువాతి సంగతి. గార్మిన్ సంస్థ కూడా 2023లో దీని తరువాత తెచ్చిన ఫోర్‌రన్నర్ 965లో మెరిసే అమోలెడ్ తెరను పెట్టి సోలార్‌ను వదిలేసింది. ఆ వాచీ తెరను ఆర్పి ఉంచితే 23 రోజులు వస్తుందని చెబుతారు గానీ, జీపీఎస్‌తో నడిచేది 31 గంటలే.

బ్యాటరీ ఎక్కువ రోజులు రావడం వల్ల కలిగే ప్రయోజనం కేవలం కేబుల్ వెతుక్కునే శ్రమ తప్పడం కాదు. రోజూ రాత్రి ఛార్జింగ్‌కు పెట్టే వాచీ రాత్రి చేతికి ఉండదు. ఈ వాచీ చేసే శిక్షణ విశ్లేషణలో పెద్ద భాగం నిద్రలో సేకరించిన సమాచారం మీద ఆధారపడి ఉంది. ఒక గుండె స్పందనకూ మరో స్పందనకూ మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులను, హెచ్‌ఆర్‌వీ అని క్రీడాకారులు పిలిచే దానిని, ఇది రాత్రంతా కొలుస్తుంది. మూడు వారాల పాటు మానకుండా కట్టుకుని నిద్రపోతే గానీ మనకు మామూలుగా ఉండే స్థాయి ఏమిటో దానికి తెలియదు. ఆ తరువాత రాత్రి నిద్ర, అంతకు ముందు రోజుల నిద్ర, కోలుకోవడానికి మిగిలిన సమయం, ఇటీవలి శిక్షణ భారం, ఒత్తిడి, హెచ్‌ఆర్‌వీ, ఈ ఆరింటినీ కలిపి ఉదయం లేవగానే వందకు ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెను నేను తీర్పుగా తీసుకోను, ఒక సాక్ష్యంగా తీసుకుంటాను. పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి దాటాక భోంచేసి పడుకున్న మర్నాడు అది పడిపోతుందని యంత్రం చెప్పవలసిన పని లేదు గానీ, ఒళ్లు బాగానే ఉందనిపిస్తున్నా వరుసగా అంకె తగ్గుతూ ఉంటే ఆ వారం వేగపు పరుగులు తగ్గించుకోవడం తెలివైన పని. మారథాన్ కోసం సాధన చేసేవారిలో దెబ్బలు తగిలించుకునేది చాలా వరకు తక్కువ పరుగెత్తినవారు కాదు, విశ్రాంతి తీసుకోనివారు.

కోస్తా జిల్లాల వారికి ఇందులో మరో విశేషం పనికి వస్తుంది. 22 డిగ్రీలు దాటిన వాతావరణంలో పరుగెత్తినప్పుడు వాచీ ఆ వేడిని, తేమను లెక్కలోకి తీసుకుని, దేహం ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యపు అంచనాను సవరిస్తుంది. వేడికి శరీరం ఎంతవరకు అలవాటు పడిందో శాతంలో చూపిస్తుంది. మే నెలలో మన తీరంలో తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 22కు దిగదు, గాలిలో తేమకు చొక్కా పిండుకోవలసి వస్తుంది, అదే శ్రమకు గుండె వేగం డిసెంబరులో కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. ఈ సవరణ లేని పరికరాలు వేసవి రాగానే మన సామర్థ్యం తగ్గిపోయిందని చెప్పి కొత్తవారిని నిరుత్సాహపరుస్తాయి. ఇక్కడొక మెలిక ఉంది: వాచీలోని ఉష్ణోగ్రత సెన్సర్‌కు చేతి వేడి తగులుతుంది కాబట్టి వాతావరణ సమాచారం ఫోన్ నుంచే రావాలి. పరుగులో ఫోన్ మోయనివారు బయలుదేరే ముందు ఒకసారి రెండింటినీ అనుసంధానం చేసుకోవాలి.

దారి కొలతలో ఈ వాచీకి పేరు రావడానికి కారణం ఎల్1, ఎల్5 అనే రెండు తరంగాలనూ అందుకోగలగడం. ఎత్తయిన అద్దాల భవనాల మధ్య ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది, ఒకే తరంగం మీద ఆధారపడే వాచీ మనం రోడ్డుకు అవతల పరుగెత్తినట్టు గీస్తుంది. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు పరుగెత్తేవారికి రెండో తరంగం విలువ తెలుస్తుంది. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు వైపు వెళ్లే దారిలో ఒక పక్కంతా సముద్రం, తెరిచిన ఆకాశం కాబట్టి మామూలు జీపీఎస్ సరిపోతుంది, బ్యాటరీ రెట్టింపు కాలం వస్తుంది. ఎత్తును గాలి పీడనంతో కొలుస్తుంది కాబట్టి అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కిన ఎత్తును నమ్మదగినంతగా చూపుతుంది.

మణికట్టు దగ్గర గుండె వేగం కొలిచే ఆకుపచ్చ దీపాల విషయంలో ఏ సంస్థ వాచీకైనా పరిమితి ఒకటే. నిలకడగా పరుగెత్తినప్పుడు సరిగ్గా ఉంటుంది. వేగం పెంచుతూ తగ్గిస్తూ చేసే సాధనలో వెనకబడుతుంది, పట్టీ వదులైతే అడుగుల లయను గుండె లయగా పొరబడుతుంది. గుండె వేగాన్ని బట్టి శిక్షణ చేసేవారు ఛాతీ పట్టీ కొనుక్కోవడం తప్పదు.

రోజువారీ జీవితంలో దీనిని ఫోన్‌కు బదులుగా ఊహించుకోకూడదు. స్పీకరు, మైకు లేవు కాబట్టి వాచీ నుంచి మాట్లాడటం కుదరదు, యూపీఐ చెల్లింపులు లేవు. వచ్చిన సందేశం చదువుకోవచ్చు, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ముందే రాసి పెట్టుకున్న పొట్టి జవాబులు పంపవచ్చు. పాటలు వాచీలోనే దాచుకోవచ్చు. 53 గ్రాముల బరువు కాబట్టి నిద్రలో అడ్డు అనిపించదు. చెమటతో తడిసిన వేళ్లకు తాకే తెర కన్నా అయిదు బటన్లే నమ్మకం. తాకే తెరను ఆపేసుకునే వీలు ఉండటం దీని మంచితనాల్లో ఒకటి.

సోలార్‌కు అదనంగా డబ్బు పెట్టడం ఎవరికి తగునంటే, పగలంతా ఆరుబయట పని చేసేవారికి, దూర సైకిల్ యాత్రలు చేసేవారికి. బ్రెవేలలో, అంటే గడువులోగా ముగించవలసిన దూర సైకిల్ యాత్రల్లో, 600 కిలోమీటర్లకు 40 గంటలు, 400కు 27 గంటలు గడువు. మామూలు జీపీఎస్ మీద 42 గంటల మన్నికతో 600 ముగించడం అంచు మీద నడిచే వ్యవహారం, హ్యాండిల్ మీద చేతులు ఉండగా పగటి ఎండ కలిపే రెండు మూడు గంటలు అక్కడ నిజంగా పనికొస్తాయి. తొడుగు వేసుకునేవారు వాచీని తొడుగు మీద కట్టుకోవాలి, అప్పుడు గుండె వేగం కోసం ఛాతీ పట్టీ మీద ఆధారపడాలి. వారాంతపు పరుగులు, కార్యాలయం, ఇల్లు ఇవే జీవితమైన వారికి సోలార్ లేని 955 చాలు. విడుదల నాడు అమెరికాలో ఈ రెండింటి మధ్య తేడా 100 డాలర్లు. ఆ డబ్బుతో మంచి ఛాతీ పట్టీ వస్తుంది, అది శిక్షణకు ఎక్కువ మేలు చేస్తుంది. ఎండే కావాలనుకుంటే 2025లో వచ్చిన ఇన్‌స్టింక్ట్ 3 సోలార్‌ను చూడవచ్చు. దానిలో దారి చూపే మ్యాపులు ఉండవు, మొరటుగా ఉంటుంది, బ్యాటరీ మాత్రం వారాల తరబడి వస్తుంది.

ఈ వాచీని ఇప్పుడు పాతదిగా కొనేవారు ఎక్కువ. బేరం కుదుర్చుకునే ముందు వెనక ఛార్జింగ్ పిన్నులు చెమట ఉప్పుకు నల్లబడ్డాయేమో చూడాలి, అరగంట జీపీఎస్ నడిపి బ్యాటరీ ఒకటి రెండు శాతానికి మించి తరుగుతోందేమో గమనించాలి, ఆ పైన వాచీని మధ్యాహ్నపు ఎండలోకి తీసుకువెళ్లి కాంతి తీవ్రత చూపే తెర తెరవాలి. ఆ తెర జాబితాలోనే లేకపోతే అమ్ముతున్నది సోలార్ రకం కాదు, ధర అందుకు తగ్గట్టు తగ్గాలి.