లిబ్రే ఆఫీస్ కాల్క్ లో అర్రే ఫార్ములాలు, మౌస్ ముట్టకుండా పని చేసేవాళ్ల కోసం నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, లెక్కలన్నీ కీబోర్డ్ మీదే కొట్టే అలవాటున్నవాళ్లకి లిబ్రే ఆఫీస్ లో ఎక్సెల్ లాంటిదైన కాల్క్ లో అర్రే ఫార్ములా, అంటే చాలా సెల్స్ ని కలిపి ఒకేసారి లెక్కేసే ఒకే ఫార్ములా, చాలా మంచి సాధనం, నాకు ఎక్సెల్ ఉన్నా కూడా కొన్ని షీట్లకి దీన్నే వాడుతున్నాను, కాకపోతే రోజూ పెరుగుతూ పోయే లిస్టులకి మాత్రం ఇది ఇబ్బంది పెడుతుంది, ఆ రెండూ దాచకుండా రాస్తాను.

నేను చూసేది పాల కేంద్రం లెక్కలు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్ (పాలలో కొవ్వు శాతం) ఎక్కించాలి, పదిహేను రోజులకోసారి బిల్లు తీయాలి. ఎ కాలమ్ లో రైతు నంబరు, బి లో పూట, సి లో లీటర్లు, డి లో ఫ్యాట్, హెచ్1 లో పాయింట్ రేటు (లీటరు పాలకి ఒక్కో ఫ్యాట్ పాయింట్ కి ఇచ్చే డబ్బు), ఇ లో డబ్బులు. 5 లీటర్లు, ఫ్యాట్ 7, పాయింట్ కి 8 రూపాయలు అనుకోండి, 280 రావాలి. మామూలుగా అందరూ ఇ2 లో ఫార్ములా రాసి కిందదాకా లాగేస్తారు కదా, అక్కడ రేటు సెల్ జరగకుండా దానికి డాలర్ గుర్తులు ($హెచ్$1 అని) పెట్టకపోతే కింద వరసలు హెచ్2, హెచ్3 అంటూ ఖాళీ సెల్స్ ని పట్టుకుని సున్నాలు చూపిస్తాయి. అదైనా కంటికి కనిపిస్తుంది. అసలు భయం ఏంటంటే మధ్యలో ఒక సెల్ మీద ఎవరైనా చెయ్యి జారి నంబర్ కొట్టేస్తే ఫార్ములా పోయి ఆ నంబరే కూర్చుంటుంది, చూసేవాళ్లకి ఏ తేడా తెలీదు. అవి రైతు డబ్బులండి, పది రూపాయలు తేడా వచ్చినా కేంద్రం దగ్గరకొచ్చి అడుగుతారు, అడగాలి కూడా.

కాల్క్ లో ఇదే పని అర్రేగా ఎలా చేయాలో చెప్తా. కంట్రోల్ షిఫ్ట్ టి కొడితే ఎడమవైపు పైన ఉండే నేమ్ బాక్స్ లోకి వెళ్తుంది, అక్కడ ఇ2:ఇ400 అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ 399 సెల్స్ మొత్తం సెలెక్ట్ అయిపోతాయి, ఇక ఏమీ క్లిక్ చేయకుండా అలాగే ఈక్వల్ గుర్తు కొట్టి సి2:సి400*డి2:డి400*హెచ్1 అని రాసి, చివర్లో ఉత్త ఎంటర్ కాకుండా కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎంటర్. అంతే, కాలమ్ మొత్తం నిండిపోతుంది. ఫార్ములా చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి, అవి కాల్క్ పెట్టేవి, మనం చేత్తో టైప్ చేస్తే పని చేయదు. ఇంకో మంచి విషయం, డాలర్ గుర్తుల గొడవే లేదు, ఎందుకంటే 399 సెల్స్ కీ కలిపి ఉన్నది ఒక్కటే ఫార్ములా, కాబట్టి హెచ్1 ఎక్కడికీ జరగదు.

ఉత్త ఎంటర్ నొక్కితే ఏమవుతుంది అంటే ఒక్క ఇ2 లోనే జవాబు వస్తుంది, అదీ ఆ వరస వరకే లెక్కేసి ఇస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు, అందుకే కొత్తవాళ్లు మోసపోతారు. బ్రాకెట్లు వచ్చాయా లేదా అని పైన ఫార్ములా లైన్ లో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఆల్ట్ ఎంటర్ అని ఇంకోటి ఉంది, సెలెక్ట్ చేసిన సెల్స్ అన్నిట్లో అదే ఫార్ములాని విడివిడిగా నింపుతుంది, అది అర్రే కాదు, ఏ సెల్ ఫార్ములా ఆ సెల్ దే. ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ వేళ్లు తడబడతాయి, అక్కడ నింపడానికి కంట్రోల్ ఎంటర్, సెల్ లోపల కొత్త లైన్ కి ఆల్ట్ ఎంటర్, కాల్క్ లో సరిగ్గా తిరగేసి ఉంటాయి. అర్రే షార్ట్‌కట్ మాత్రం రెండిట్లోనూ ఒకటే, అది పెద్ద రిలీఫ్.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తాళం. అర్రే మధ్యలో ఏ సెల్ మీదైనా నంబర్ కొట్టి చూడండి, అర్రేలో ఒక భాగాన్ని మాత్రమే మార్చడం కుదరదు అని మెసేజ్ ఇచ్చి ఆపేస్తుంది. షీట్ ప్రొటెక్షన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, అయినా లెక్క చెదరదు. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు చేయి పెట్టే చోట దీనికి మించిన రక్షణ నేను అడగను. మార్చాలంటే అర్రేలో ఎక్కడైనా కర్సర్ పెట్టి కంట్రోల్ తో పాటు నంబర్ ప్యాడ్ మీది స్లాష్ నొక్కితే మొత్తం బ్లాక్ సెలెక్ట్ అవుతుంది, ఎఫ్2 కొట్టి మార్చుకుని మళ్లీ కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్. నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్ అయితే ఇందాక చెప్పిన నేమ్ బాక్స్ దారే మేలు, రేంజ్ కొట్టి ఎంటర్, ఎఫ్2.

ఒక్క సెల్ లో జవాబు వచ్చే అర్రేలు ఇంకా బాగుంటాయి. సాయంత్రం పూట వచ్చిన పాలల్లో ఎక్కువ ఫ్యాట్ ఎంత అని కావాలంటే మ్యాక్స్ లోపల ఇఫ్ పెట్టి, బి కాలమ్ లో సాయంత్రం అని ఉంటే డి కాలమ్ విలువ తీసుకో అని రాసి అదే మూడు కీలు. షరతులో తెలుగు అక్షరాలే కొట్టొచ్చు, షీట్ లో ఎలా ఉందో అలాగే ఉంటే చాలు. ఇప్పుడు మ్యాక్స్ఇఫ్స్ అనే ఫంక్షన్ ఉంది కాబట్టి దీనికి అర్రే తప్పనిసరి కాదు, కానీ విలువలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది (మీడియన్) కావాలంటే మీడియన్ఇఫ్స్ లాంటిదేమీ లేదు, అక్కడ మీడియన్ లోపల ఇఫ్ పెట్టి ఇలా కొట్టాల్సిందే. మొత్తం బిల్లు ఎంత అనేదానికి మాత్రం వరస వరసకీ గుణించి మొత్తం కూడే సమ్‌ప్రొడక్ట్ ఫంక్షన్ వాడండి, అది లోపల తనే అర్రేగా లెక్క చేసుకుంటుంది, ఉత్త ఎంటర్ సరిపోతుంది. షార్ట్‌కట్ అస్సలు గుర్తుండని వాళ్లకి కంట్రోల్ ఎఫ్2 తో ఫంక్షన్ విజార్డ్ తెరిస్తే అందులో అర్రే అని టిక్ బాక్స్ ఉంటుంది.

ఇక ఇబ్బంది. ఆ తాళమే మనకీ అడ్డం వస్తుంది. అర్రే మధ్యలో కొత్త వరస దూర్చలేం, రైతు నంబరు ప్రకారం మొత్తం షీట్ సార్ట్ చేద్దామన్నా కుదరదు. 400 వరసలు దాటితే అర్రే తనంతట తను పెరగదు, ఫార్ములా కాపీ చేసుకుని, బ్లాక్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టి, పెద్ద రేంజ్ తీసుకుని మళ్లీ వేయాలి. నేనైతే మొదట్లోనే రేంజ్ పెద్దగా తీసుకుని, సి ఖాళీగా ఉంటే ఖాళీ చూపించు అని ఇఫ్ తగిలిస్తాను, లేకపోతే కిందంతా సున్నాల వరస కనిపిస్తుంది. పని జరుగుతుంది కానీ 2024 ఆగస్టులో వచ్చిన 24.8 వెర్షన్ లో ఫిల్టర్, సార్ట్, యూనిక్, ఎక్స్‌లుకప్ లాంటి కొత్త ఫంక్షన్లన్నీ ఇచ్చినవాళ్లు ఈ సైజు పెంచే పని కూడా తేలిక చేయాలి. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒక్కటీ కోసింది దీనికే.

గూగుల్ షీట్స్ లో ఇదే కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ కొడితే ఫార్ములా చుట్టూ అర్రేఫార్ములా అనే ఫంక్షన్ వచ్చి చేరుతుంది, మ్యాక్ అయితే కమాండ్ షిఫ్ట్ ఎంటర్. సి2:సి అని కింద హద్దు లేకుండా వదిలేయొచ్చు, రేపు ఎక్కించే వరసలకి కూడా తనే లెక్క కట్టేస్తుంది, అది నిజంగా సుఖం. కానీ ఆ కాలమ్ లో ఎక్కడైనా ఒక నంబర్ పడితే మొత్తం మాయమై పైన రెఫ్ ఎర్రర్ వస్తుంది. తప్పు లెక్క రాదు, అది మంచిదే, కానీ బిల్లు రోజు హడావుడిలో ఆ ఒక్క సెల్ దగ్గరకెళ్లి సరిచేయాలి. కాల్క్ అయితే కొట్టేటప్పుడే ఆపుతుంది, నా ఓటు దానికే.

ఎక్సెల్ సంగతికొస్తే మైక్రోసాఫ్ట్ 365, 2021, ఆ తర్వాతవి ఉన్నవాళ్లకి ఉత్త ఎంటర్ చాలు, జవాబులు తమంతట తామే కిందకి పరుచుకుంటాయి, దారిలో ఏదైనా అడ్డం ఉంటే స్పిల్ ఎర్రర్ ఇస్తుంది. 2019, అంతకుముందువి అయితే పాత పద్ధతే, మూడు కీలూ నొక్కాలి. బాగానే ఉంటుంది కాదనను, కానీ డబ్బు కట్టి కొనాలి, లిబ్రే ఆఫీస్ ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా నెట్ లేకుండా నడుస్తుంది, పల్లెటూరి కేంద్రానికి అది చాలా పెద్ద విషయం.

విండోస్ లో తెలుగు, ఇంగ్లీష్ రెండు కీబోర్డులు పెట్టుకున్నవాళ్లు ఒకటి చూసుకోండి, లేఅవుట్ మార్చే షార్ట్‌కట్ కంట్రోల్ షిఫ్ట్ మీద ఉంటే ఎంటర్ నొక్కకుండా ఆ రెండూ నొక్కి వదిలినా కీబోర్డు మారిపోతుంది, తర్వాత సి కొడదామంటే తెలుగు అక్షరం పడుతుంది. సెట్టింగ్స్ లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ లోపల ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని ఉంటుంది, అక్కడ దాన్ని తీసేసి భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ వాడుకుంటే ఈ చిక్కు ఉండదు. పైఆఫీసుకి ఎక్సెల్ ఫైలే పంపాల్సి వస్తే సేవ్ యాజ్ లో ఆ ఫార్మాట్ ఎంచుకుని పంపండి, అక్కడ తెరిచినా ఈ అర్రేలు అవే ఫ్లవర్ బ్రాకెట్లతో కనిపిస్తాయి.