సముద్రపు గాలిలో సౌర విద్యుత్తు: పెదవాల్తేరు డాబా మీద ఏడాదిన్నర అనుభవం

ఇళ్ల డాబాల మీద సోలార్ పెట్టుకునేవారికి కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 2024 జులైలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాము. విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంటికి సముద్రం కిలోమీటరు దూరం కూడా ఉండదు. పని చేసినది నగరంలోనే ఉన్న ఒక చిన్న ఏజెన్సీ. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నేను మెచ్చుకునేవీ తప్పుపట్టేవీ కూడా ఈ తీరంలో ఈ పని చేసే ఏ ఏజెన్సీనైనా అడగవలసిన విషయాలే. ముప్పై ఏళ్లు భూగోళశాస్త్రం బోధించినదాన్ని కావడం వల్ల కరెంటు బిల్లు ఎంత తగ్గిందన్న లెక్కతో పాటు, వచ్చినవాళ్లు మా చోటును ఎంతవరకు అర్థం చేసుకున్నారన్నది కూడా చూశాను.

కాగితాల పని సాఫీగా జరిగింది. దరఖాస్తు, అనుమతి, గ్రిడ్‌కు మనం పంపే కరెంటునూ అక్కడి నుంచి వాడుకునేదాన్నీ లెక్కగట్టే నెట్ మీటరు, అన్నీ ఏజెన్సీవారే చూసుకున్నారు. కేంద్రం ఇచ్చే రూ.78,000 రాయితీ, మీటరు బిగించిన నెలలోపే బ్యాంకు ఖాతాలో పడింది.

పొరపాటు కొలతల దగ్గర జరిగింది. సర్వేకు వచ్చిన అబ్బాయి మే నెల రెండో వారంలో, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ డాబా ఎక్కాడు. విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఆ రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. కొబ్బరిచెట్టు నీడ కూడా దాని మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది. మెట్ల గదికి ఉత్తరాన ఉన్న జాగాలో అప్పుడు నీడ జాడ లేదు. అక్కడ రెండు ప్యానెళ్లు సరిపోతాయని అతడు సుద్దతో గుర్తు పెట్టాడు. "చలికాలం సంగతేమిటి బాబూ?" అని అడిగితే, "పర్వాలేదమ్మా, అదంతా యాప్ లెక్కేస్తుంది" అన్నాడు. డిసెంబరు చివరి వారంలో మన ఊళ్లో సూర్యుడు మధ్యాహ్నం కూడా దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అంటే పది అడుగుల మెట్ల గది నీడ నడి మధ్యాహ్నమే దాదాపు తొమ్మిది అడుగులు పరుచుకుంటుంది, ఉదయం సాయంత్రాల్లో ఇంకా పొడవుగా సాగుతుంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే పెట్టె ఇన్వర్టరు. ఆరు ప్యానెళ్లూ ఒకే వరుసగా దానికి కలిపి ఉన్నందువల్ల రెండింటి మీద పడిన నీడ మొత్తం దిగుబడినే కుంగదీసింది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో కూడా రోజుకు ఎనిమిది యూనిట్లు దాటలేదు. అయిదుసార్లు ఫోను చేశాక, ఫిబ్రవరిలో ఆ రెంటినీ దక్షిణపు వైపుకు మార్చారు. అదనపు పైపులకు, కూలికి రూ.6,000 నా దగ్గరే తీసుకున్నారు. తప్పు తమదని ఒప్పుకున్న తరవాత కూడా ఆ డబ్బు అడగడం నాకు సబబుగా తోచలేదు. సర్వేకు వచ్చినవారు ఏ నెలలో వచ్చినా సరే, ధనుర్మాసపు నీడ ఎక్కడ పడుతుందో గీసి చూపించమని మీరు పట్టుబట్టండి.

గాలి విషయంలో మాత్రం వారి పని నాకు తృప్తినిచ్చింది, అయితే అడిగి చేయించుకోవలసి వచ్చింది. మొదట ఇచ్చిన కొటేషనులో ప్యానెళ్ల చట్రాన్ని కాంక్రీటు దిమ్మల బరువు మీద నిలబెడతామని రాశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను ఈ నగరంలో ఉండి చూసినవారెవరూ దానికి ఒప్పుకోరు. ఆ రోజు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. కట్టడాలకు వర్తించే భారతీయ ప్రమాణంలో విశాఖపట్నానికి నిర్ణయించిన గాలి మూల వేగం (కట్టడం గాలికి ఎంత తట్టుకోవాలో లెక్కగట్టడానికి ఆధారమయ్యే వేగం), సెకనుకు 50 మీటర్లు, లెక్కిస్తే అంతే అవుతుంది. వేగంతో పాటు దిశ కూడా ముఖ్యం. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, ఆగ్నేయం నుంచి తుపాను మన మీదికి వస్తున్నప్పుడు గాలి మొదట ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి కొడుతుంది. తుపాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుంది. ప్యానెళ్లు దక్షిణానికి వాలి ఉంటాయి కనుక వాటి ఎత్తయిన అంచు ఉత్తరాన ఉంటుంది. అంటే తుపాను తొలి దెబ్బ నేరుగా ప్యానెళ్ల కిందికి దూరి వాటిని పైకి లేపుతుంది. ఈ మాట చెప్పగానే ఏజెన్సీ ఇంజినీరు వాదించలేదు. చట్రాన్ని స్లాబులోకి రంధ్రాలు వేసి రసాయనపు జిగురుతో బోల్టులు దింపి బిగించడానికి, వెనక కాళ్లకు అడ్డకమ్మీలు పెట్టడానికి, వాలును 15 డిగ్రీల దగ్గరే ఆపడానికి ఒప్పుకున్నాడు. రంధ్రాలు వేసిన చోట నీరు దిగకుండా పూత కూడా వేశారు. రెండు వర్షాకాలాలు గడిచినా కింద సీలింగులో చెమ్మ కనిపించలేదు.

ఉప్పు గాలి సంగతి అడగకుండానే చూసుకున్నారు, అందుకు వారిని మనసారా మెచ్చుకోవాలి. బిగించడానికి వచ్చిన మేస్త్రీ జాలరిపేట కుర్రాడు. "అమ్మగారూ, ఈ గాలికి మామూలు జీఐ (జింకు పూత ఇనుము) బోల్టు రెండేళ్లు కూడా ఆగదు, పడవల మీద చూస్తూనే ఉంటాం కదా" అని చెప్పి, ఉప్పు గాలికి తుప్పు అంత తొందరగా పట్టని 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టులు తెప్పించాడు. ప్యానెళ్లు ఉప్పు తేమ పరీక్షకు సంబంధించిన ఐఈసీ 61701 ప్రమాణానికి నిలిచినవేనని పత్రం చూపించారు. నెలకు రెండుసార్లు తెల్లవారుజామున మంచినీటితో కడగమని, ఎండెక్కాక వేడి గాజు మీద చన్నీళ్లు పోయవద్దని చెప్పి వెళ్లారు. అలాగే చేస్తున్నాము. చట్రం మీద ఇంతవరకు తుప్పు చుక్క లేదు.

గట్టి చట్రానికి, ఈ బోల్టులకు కలిపి నాకు అదనంగా అయినది రూ.22,000. ఇక్కడ ఏజెన్సీని దాటి పథకం గురించి ఒక మాట చెప్పాలి. రాయితీని కిలోవాట్లతో కొలుస్తున్నారు, చోటుతో కొలవడం లేదు. అలాగని చోటును గుర్తించే ఆలోచన ఈ పథకంలో అసలు లేదని కాదు. ఈశాన్య రాష్ట్రాలకు, హిమాచల్, ఉత్తరాఖండ్, జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లకు, అండమాన్, లక్షద్వీప్ దీవులకు రాయితీ 10 శాతం ఎక్కువగా ఉంది. మూడు కిలోవాట్లకు అక్కడ రూ.85,800 ఇస్తారు. కొండకూ దీవికీ ఖర్చు వేరుగా ఉంటుందని ఒప్పుకున్నప్పుడు తుపాను తీరానికీ వేరుగా ఉంటుందని ఒప్పుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు తీరం పొడవునా ఉన్న ఇళ్లకు, గాలికి తట్టుకునే చట్రం కోసమే ప్రత్యేకంగా ఆ 10 శాతం ఇచ్చి, తనిఖీ చేసి చూస్తే, పేద ఇంటివారు దిమ్మల మీద ప్యానెళ్లు నిలబెట్టుకోవలసిన అగత్యం తప్పుతుంది. వేడెక్కుతున్న సముద్రం తుపానులకు మరింత బలమిస్తుందని తెలిసిన తరవాత, వేడిని తగ్గించడానికి పెట్టిన ప్యానెలే ఆ గాలికి ఎగిరి పక్కింటి మీద పడే పరిస్థితిని మిగల్చకూడదు. కోటి ఇళ్ల లక్ష్యం, రూ.75,021 కోట్ల కేటాయింపు ఉన్న పథకానికి ఇది మోయలేని భారం కాదని నా నమ్మకం.

దిగుబడి గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, రోహిణి కార్తె ఎండలకు కరెంటు పొంగిపొర్లుతుందని. ప్యానెలు వేడెక్కినకొద్దీ దాని సామర్థ్యం కొంత తగ్గుతుంది. మాకు అత్యధికంగా వచ్చినది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, రోజుకు 14 యూనిట్ల దాకా. మేలో 12, 13 మధ్య ఉండేది. జులై, ఆగస్టు మబ్బుల్లో 8, 9 వచ్చాయి. ప్యానెళ్లు మార్చిన తరవాతి పన్నెండు నెలల్లో మొత్తం 4,100 యూనిట్లు. దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు 700 గ్రాముల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, మా ఒక్క డాబా ఏడాదికి దాదాపు 2.9 టన్నులు ఆపినట్టు. పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం ఒడిశా తాల్చేరు బొగ్గుతో నడుస్తుంది. ఆ కేంద్రపు జలాశయం మీదే 2021లో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ కూడా వచ్చింది. నగరంలోని ముడసర్లోవ జలాశయం నీటి మీద 2 మెగావాట్లు అంతకుముందే ఉన్నాయి. స్థలం ఇరుకైన ఈ నగరంలో నీటి తరవాత మిగిలినవి మన డాబాలే.

ఏజెన్సీ మీద రెండో ఫిర్యాదు ఒకటి ఉంది. ఈ పథకంలో సాధారణంగా పెట్టే ఇన్వర్టరు గ్రిడ్ కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది. లైను మీద మరమ్మతు చేసేవారి ప్రాణాలకు ముప్పు రాకుండా, గ్రిడ్ పోగానే అది కూడా ఆగిపోవాలి. అది సరైన నియమమే. కానీ తుపాను ఊళ్లో ఈ సంగతిని మొదటి రోజే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను గోదావరి డెల్టా దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ వీచిన గాలికి మా చట్రం కదలలేదు, ఒక్క బోల్టు వదులు కాలేదు. కరెంటు మాత్రం పోయింది. మర్నాడు కాస్త వెలుతురు రాగానే పక్కింటి పిన్నిగారు ఫోను చార్జింగు కోసం వైరు పట్టుకుని వచ్చారు. డాబా మీద ఆరు ప్యానెళ్లు ఉండి కూడా మా ఇంట్లోనూ కరెంటు లేదని చెప్పవలసి వచ్చింది. బ్యాటరీ పెట్టుకోవడానికి వీలున్న హైబ్రిడ్ ఇన్వర్టరు మొదటే తీసుకుని ఉంటే తేడా ధర మాత్రమే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెట్టడానికి, బ్యాటరీ కాకుండానే, రూ.48,000 అవుతుందని ఏజెన్సీవారు రాసిచ్చారు. పాతదానికి ఎంత తగ్గిస్తారని అడిగాను, జవాబు రావలసి ఉంది.